పన్నెండు మంది, పద్నాలుగు రోజులు: సొంత యాప్‌ను ప్లే స్టోర్‌కు చేర్చిన నా అనుభవం

నేను హైదరాబాద్‌లో, రాయదుర్గం వైపు ఒక కంపెనీలో ఆండ్రాయిడ్ యాప్‌లకు ఇంటర్‌ఫేస్ రాసే ఉద్యోగం చేస్తున్నాను. శనివారాలు గుట్టలకో అడవికో నడకకు వెళ్లే ఒక చిన్న బృందంలో ఉన్నాను. సిగ్నల్ లేని చోట కూడా తెలుగులో దారి చూపే ఒక యాప్ మాకే కావలసి వచ్చి, దాన్ని రాసి, 2025లో నా సొంత పేరు మీద ప్లే స్టోర్‌లో పెట్టాను. కోడ్ ఎలా రాయాలో నేర్పేవాళ్లకు కొదవ లేదు. కోడ్ పూర్తయ్యాక ఒంటరిగా పనిచేసే మనిషికి ఎదురయ్యే దరఖాస్తులు, నిరీక్షణలు, ఖర్చులు, పరీక్షకుల వేట గురించి మాత్రం తెలుగులో నాకు దొరికింది తక్కువ. అందుకని జరిగిన క్రమంలోనే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి అడుగు కంప్యూటర్ ముందు పడలేదు, ఆఫీసులో పడింది. మా ఉద్యోగ ఒప్పందంలో, ఉద్యోగంలో ఉండగా నేను రాసే సాఫ్ట్‌వేర్ మీద హక్కు కంపెనీదే అన్న అర్థం వచ్చే వాక్యం ఒకటి ఉంది. చాలామంది ఒప్పందాల్లో ఉంటుంది, చాలామంది చదవరు. జనవరి మొదట్లో మా మేనేజర్‌తో మాట్లాడి, తరువాత హెచ్ఆర్‌కు ఒక ఉత్తరం రాశాను: ఆఫీసు లాప్‌టాప్ వాడను, ఆఫీసు వేళల్లో రాయను, యాప్‌లో ప్రకటనలు, అమ్మకాలు ఉండవు, కంపెనీ వ్యాపారానికీ దీనికీ సంబంధం లేదు అని. రాతపూర్వక అనుమతి రావడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ కోడ్ ముట్టుకోలేదు, కాగితం మీద తెరలు గీసుకుంటూ కూర్చున్నాను. ఆ జాప్యం నాకు మేలే చేసింది, ఎందుకంటే చేతిలో కోడ్ లేనప్పుడు అక్కర్లేని తెరలను కొట్టేయడం సులువు. పదకొండు తెరలుగా అనుకున్న యాప్ నాలుగు తెరలకు దిగింది.

ఫిబ్రవరి, మార్చి నెలలు మ్యాప్ మీద గడిచాయి. సిగ్నల్ లేని చోట మ్యాప్ కనిపించాలంటే అది ముందే ఫోన్‌లో ఉండాలి. ఎవరైనా చేర్పులు చేయగల ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారం ఉచితమే గాని, వాళ్ల సర్వర్ నుంచి మ్యాప్ ముక్కలను గంపగుత్తగా దించుకోవడాన్ని వాళ్ల నియమాలు అనుమతించవు. స్వచ్ఛంద విరాళాలతో నడిచే సర్వర్ అది, ఆ నియమం న్యాయమైనదే. అందుకని, అదే సమాచారాన్ని ప్రాంతాలవారీగా అందించే జియోఫాబ్రిక్ అనే సంస్థ నుంచి దక్షిణ భారత భాగాన్ని దించుకుని, అందులోంచి మాకు కావలసిన నల్లమల, వికారాబాద్, భువనగిరి ప్రాంతాలను కోసి, నా సొంత లాప్‌టాప్ మీదే ముక్కలుగా మార్చుకున్నాను. ఆ లాప్‌టాప్ ఫ్యాన్ రాత్రంతా తిరుగుతుంటే మా ఆయన "ఇది కంప్యూటరా, పిండిమరా?" అని అడిగారు. తెర మీద ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సహకారులకు గుర్తింపు కనిపించేలా ఒక వరుస పెట్టడం లైసెన్సు షరతు. దాన్ని ఎక్కడో సెట్టింగుల అడుగున దాచకుండా మ్యాప్ మూలనే ఉంచాను.

మ్యాప్ మొదటిసారి ఫోన్‌లో తెరుచుకున్న రాత్రి నాకు కలిగిన సంతోషం రెండు నిమిషాలు నిలిచిందేమో. ఊళ్ల పేర్లు తెలుగులోకి మార్చగానే మల్లెలతీర్థం ముక్కలైంది. లకారం ఒక చోట, ఎత్వం ఇంకో చోట, వత్తు కావలసిన థకారం పూర్తి అక్షరంగా పక్కన నిలబడి, మధ్యలో పొల్లు వేలాడుతోంది. ఉమామహేశ్వరం పరిస్థితీ అంతే. కారణం తెలుసుకోవడానికి రెండు మూడు రాత్రులు పట్టింది. నేను వాడిన మ్యాప్ గీసే లైబ్రరీ, మ్యాప్‌లిబ్రే, అప్పట్లో అక్షరాలను ఒక్కో సంకేతానికి ఒక్కో బొమ్మగా తెచ్చి పక్కపక్కన పేర్చేది. ఇంగ్లీషుకు అది సరిపోతుంది. హల్లు, అచ్చు గుర్తు, వత్తు కలిసి కొత్త ఆకారం తీసుకునే మన లిపికి, ఆ కలయికను లెక్కగట్టే ఇంకో అంచె కావాలి. ఆండ్రాయిడ్ సొంత రాతయంత్రంలో ఆ అంచె ఉంది, మ్యాప్ గీసే చోట అప్పుడు లేదు.

నేను పట్టుకున్న దారి ఇది: ప్రతి ఊరి పేరునూ ముందుగా ఆండ్రాయిడ్ చేతనే ఒక చిన్న బొమ్మగా రాయించి, ఆ బొమ్మను గుర్తులాగా మ్యాప్‌కు అందించడం. మన ప్రాంతం చిన్నది, పేర్లు కొన్ని వందలే, కనుక ఫోన్ జ్ఞాపకశక్తి (మెమరీ) ఆ భారం తట్టుకోగలిగింది. దేశమంతటికీ యాప్ రాసేవాళ్లకు ఇది పనికిరాదు. తెర మీదకు వచ్చిన పేర్లకు మాత్రమే బొమ్మలు చేసి, తెర దాటిన వాటిని వదిలేయడం, దూరం నుంచి చూసేటప్పుడు చిన్న పెంటల (చెంచు గూడేల) పేర్లు చూపకపోవడం వంటి సర్దుబాట్లకే ఇంకో రెండు వారాలు పోయాయి. చాలా చోట్లకు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో తెలుగు పేరే లేదు. మేం నడిచిన చోట్ల స్వయంగా చూసి తెలుసుకున్న పేర్లను అక్కడ చేర్చాను. ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చింది అదే, ఎందుకంటే నా యాప్ రేపు ఉన్నా పోయినా ఆ పేర్లు అందరికీ ఉంటాయి.

ఏప్రిల్‌లో చైత్ర పౌర్ణమికి సలేశ్వరం వెళ్లాం. నల్లమలలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల, ఏడాదికి ఆ కొన్ని రోజులు మాత్రమే జనాన్ని అనుమతించే లింగమయ్య జాతర అది. శ్రీశైలం దారిలో మన్ననూరు దాటాక ఫరహాబాద్ దగ్గర అడవిలోకి మళ్లి, వాహనాలు ఆగిన చోటు నుంచి కొన్ని కిలోమీటర్లు రాళ్ల మీద ఎక్కుతూ దిగుతూ నడవాలి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు వరకు ఆ రహదారి మీద అభయారణ్యం గుండా వాహనాలను పోనివ్వరు కనుక, ముందురోజు రాత్రి బయలుదేరి తెల్లవారేసరికి గేటు దగ్గర ఉండాలన్న లెక్కతో వెళ్లాం. నిజం చెప్పాలంటే సలేశ్వరం జాతరలో దారి తప్పాలన్నా కుదరదు. "వస్తున్నాం లింగమయ్యా" అంటూ కదిలే జనం వెంట పోతే చాలు. కాని యాప్‌ను పరీక్షించడానికి అంతకంటే మంచి చోటు లేదు: సిగ్నల్ లేదు, ఎండ నడినెత్తిన ఉంది, ఒక చేతిలో నీళ్ల సీసా, ఇంకో చేత్తో బండ పట్టుకోవాలి, అరచేయి చెమటతో తడిసి ఉంటుంది.

ఇంట్లో నీడపట్టున కూర్చుని ఎంతో ముచ్చటగా దిద్దుకున్న ముదురు రంగు తెర, ఆ మధ్యాహ్నం ఎండలో నల్లటి అద్దమైపోయింది. అందులో నా ముఖం కనబడింది తప్ప దారి కనబడలేదు. అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా 4.5కు 1 నిష్పత్తిలో ఉంటే చాలని వెబ్ అందుబాటు ప్రమాణాలు చెబుతాయి. ఎండలో అది చాలదు. తిరిగి వచ్చాక 7కు 1 అనే పై స్థాయిని కనీసంగా పెట్టుకుని, బూడిదరంగు రాతలన్నీ తీసేసి, పగటి వేళ తెల్లని నేపథ్యమే వచ్చేలా మార్చాను. బొత్తాలకు 48 యూనిట్ల ఎత్తు కనీసమన్నది ఆండ్రాయిడ్ సూచన. నడుస్తున్న చేతికి అది చిన్నదే, 72కు పెంచాను. అన్నిటికంటే ముఖ్యమైన మార్పు ఆపే బొత్తానిది. జేబులో చెమట తడికి తెర దానంతటదే నొక్కుకుని, మా బృందంలో ఇద్దరి నడక నమోదు సగంలో ఆగిపోయింది. ఆ తరువాత నుంచి ఆ బొత్తాన్ని రెండు సెకన్లు నొక్కి పట్టుకుంటేనే నడక ఆగుతుంది, పట్టుకున్నంత సేపూ చుట్టూ ఒక వలయం నిండుతూ కనిపిస్తుంది. ఈ ఒక్క బొత్తం మీద నేను ఎన్ని సాయంత్రాలు గడిపానో ఆఫీసులో చెబితే నవ్వుతారు.

మా బృందంలో విశ్రాంత లెక్కల మాస్టారు ఒకరున్నారు. డెబ్బై దాటాయి, గుట్ట ఎక్కడంలో మాకంటే ముందుంటారు. మే నెలలో ఆయన ఫోన్‌లో యాప్ వేసి ఇచ్చాను. కళ్లజోడు సవరించుకుని కాసేపు చూసి, "ఏమ్మా, ఈ అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయేమిటి?" అన్నారు. ఆయన ఫోన్‌లో అక్షరాల పరిమాణం అన్నిటికంటే పెద్దదిగా పెట్టుకున్నారు. కొత్త ఆండ్రాయిడ్‌లలో అది రెండింతల వరకు పోతుంది.

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెలుగులో ఇంటర్‌ఫేస్ రాసేవాళ్లందరికీ ఎదురయ్యేదే ఇది. ఆండ్రాయిడ్ తెరలు రాయడానికి నేను వాడే కంపోజ్ అనే సాధనంలో తయారుగా ఇచ్చే అక్షర శైలులు ఇంగ్లీషు కొలతలతో ఉంటాయి: 14 పరిమాణపు రాతకు 20 వరుస ఎత్తు, 11 పరిమాణపు రాతకు 16. ఇంగ్లీషు అక్షరం గీత కిందికి కొద్దిగానే దిగుతుంది. తెలుగు వత్తు ఒక పూర్తి అంతస్తు దిగుతుంది, వత్తు కింద వత్తు వస్తే ఇంకా దిగుతుంది, పైన గుడి ఇంకో వైపు పైకి లేస్తుంది. ఒకే వరుసలో ఉన్నంతసేపు పెద్దగా తెలియదు. పేరు రెండో వరుసలోకి విరిగిన క్షణాన పై వరుస వత్తులూ కింది వరుస గుళ్లూ ఒకదానిలో ఒకటి దిగబడతాయి, పైగా బొత్తం అడుగంచు దగ్గర వత్తులు సగానికి తెగిపోతాయి. నేను తెలుగుకు విడిగా ఒక శైలి పట్టిక రాసుకుని, వరుస ఎత్తును పరిమాణానికి 1.6 రెట్లకు తెచ్చి, మొదటి, చివరి వరుసల దగ్గర ఖాళీని కత్తిరించకుండా అమర్చాను. స్థిరమైన ఎత్తు ఉన్న ప్రతి పెట్టెకూ కనీస ఎత్తు మాత్రమే ఉంచి, పైకి పెరగనిచ్చాను. పక్కపక్కన ఉన్న రెండు బొత్తాలు పెద్ద అక్షరాల్లో ఒకదాని కింద ఒకటి చేరేలా చేశాను. నోటిఫికేషన్‌లో చోటు చాలక పేరును ఎక్కడైనా కోయవలసి వస్తే, సంకేతాల లెక్కన కాకుండా అక్షరాల హద్దు చూసి కోసే సదుపాయం ఆండ్రాయిడ్‌లోనే ఉంది. అది వాడకపోతే పేరు చివర ఒక అనాథ పొల్లు మిగులుతుంది. ఈసారి మాస్టారు "ఇప్పుడు చదవొచ్చు" అని రెండు మాటలన్నారు. ఆయన దగ్గర అంతకు మించిన మార్కులు ఎవరికీ పడవని ఆయన శిష్యులు చెప్పారు.

జూన్ వానలకు అనంతగిరి గుట్టల్లో ఇంకో సంగతి బయటపడింది. కొన్ని ఫోన్లలో తెర ఆరిపోయిన కాసేపటికి నడక నమోదు ఆగిపోతోంది. బ్యాటరీ ఆదా పేరిట కొన్ని ఫోన్లు వెనక నడిచే పనులను చంపేస్తాయి. యాప్ తెరిచి ఉన్నప్పుడే ఒక శాశ్వత నోటిఫికేషన్‌తో స్థానసేవను (లొకేషన్ చూసే పనిని) మొదలుపెడితే, అది తెర ఆరాక కూడా కొనసాగవచ్చు, "ఎప్పుడూ స్థానం చూడవచ్చు" అనే భారీ అనుమతి అడగనక్కర్లేదు. ఆ అనుమతి అడిగితే ప్లే స్టోర్ పరిశీలన చాలా కఠినంగా ఉంటుంది కనుక ఒంటరిగా యాప్ రాసేవాళ్లకు నా సలహా ఒకటే, తప్పనిసరి అయితే తప్ప దాని జోలికి పోవద్దు. అంతా చేసినా రెండు రకాల ఫోన్లలో మాత్రం వాడేవాళ్లే బ్యాటరీ సెట్టింగు మార్చుకోవాలి. ఆ మార్గాన్ని యాప్‌లోనే బొమ్మలతో చూపించాను.

జూన్ మూడో వారంలో, ప్లే స్టోర్‌లో యాప్‌లు పెట్టేవాళ్ల కోసం గూగుల్ నడిపే ప్లే కన్సోల్‌లో ఖాతా తెరిచాను. రుసుము 25 డాలర్లు, జీవితంలో ఒక్కసారే కట్టాలి. నాకు రెండు వేల రూపాయల పైచిలుకు పడింది. మన బ్యాంకు కార్డుల్లో విదేశీ లావాదేవీలు మనం తెరిస్తే తప్ప మూసి ఉంటాయి కనుక ముందే బ్యాంకు యాప్‌లో ఆ మీట నొక్కి ఉంచుకోండి. సంస్థ పేరు మీద తెరవాలంటే డన్స్ సంఖ్య (సంస్థలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) కావాలి. నాకు సంస్థ లేదు, వ్యక్తిగత ఖాతానే తీసుకున్నాను. గుర్తింపు పత్రం ఫొటో, ఫోన్ నంబరుకు ఓటీపీ, ఆపైన నా దగ్గర నిజమైన ఆండ్రాయిడ్ ఫోన్ ఉందని వాళ్ల యాప్ ద్వారా నిరూపించడం, ఇవన్నీ పూర్తయ్యేసరికి నాలుగైదు రోజులు గడిచాయి.

ఆడవాళ్లు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి ఒకటుంది. వ్యక్తిగత ఖాతాలో మన చట్టబద్ధమైన పేరు, దేశం, ఒక ఈమెయిల్ అందరికీ కనిపిస్తాయి. యాప్ ద్వారా డబ్బు సంపాదించడం మొదలుపెడితే పూర్తి చిరునామా కూడా కనిపిస్తుంది. ఇది చదివాక నేను కొంతసేపు ఆగి ఆలోచించాను. ఈ పనికోసం విడిగా ఒక ఈమెయిల్ తెరిచాను, యాప్‌ను పూర్తి ఉచితంగానే ఉంచాలన్న నిర్ణయం అక్కడ గట్టిపడింది.

తరువాత పత్రాలు. గోప్యతా విధానం రాసి ఒక వెబ్ చిరునామాలో పెట్టాలి, అది ఉచితంగా దొరికే చోటే పెట్టుకున్నాను. సమాచార భద్రత పత్రంలో ప్రశ్నలు చాలానే ఉంటాయి గాని, నా యాప్‌లో స్థానం ఫోన్ దాటి బయటకు పోదు. ఫోన్‌లోనే ఉండిపోయే సమాచారం "సేకరణ" కిందికి రాదు కనుక ఆ పత్రం తేలిగ్గానే తెమిలింది. స్థానసేవ ఎందుకు నడుపుతున్నానో వివరిస్తూ ఒక వీడియో ఇవ్వమన్నారు. మా వీధిలో సాయంత్రం నడుస్తూ, ఫోన్ తెరను నమోదు చేసి, ఒక నిమిషం వీడియో పంపాను. వెనక కూరగాయల బండి కేక స్పష్టంగా వినిపిస్తుంది, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

నన్ను ఆశ్చర్యపరిచింది పేరు పెట్టె. యాప్ పేరుకు 30 అక్షరాలు, చిన్న వివరణకు 80. ఇక్కడ అక్షరమంటే మన కంటికి కనిపించే అక్షరం కాదు. రాష్ట్రం అన్న మాటలో మనం చూసేది రెండే, యంత్రం లెక్కలో ఎనిమిది. నేను అనుకున్న పేరు పట్టలేదు. మూడు పూటలు తిప్పితిప్పి, సంయుక్తాక్షరాలు లేని మాటలు వెతుక్కుని పెట్టాను.

అసలు ఘట్టం జూలైలో మొదలైంది. 2023 నవంబరు 13 తరువాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు ఒక నియమం ఉంది: యాప్‌ను అందరికీ విడుదల చేసే ముందు, కనీసం 12 మంది 14 రోజులు ఎడతెగకుండా పరీక్షకులుగా ఉండాలి. మొదట్లో ఇది 20 మంది, 2024 డిసెంబరులో 12కు తగ్గించారు. పన్నెండు మందే కదా అనుకునేవాళ్లకు చెబుతున్నాను, కోడ్ రాయడంకంటే ఇది కష్టం. మా నడక బృందంలో సగానికి సగం ఐఫోన్లు. "అక్కా, లక్ష పెట్టి కొన్న ఫోన్, నీ యాప్‌కు పనికిరాదా?" అని ఒక తమ్ముడు నొచ్చుకున్నాడు. ఆండ్రాయిడ్ ఉన్నవాళ్లలో పెద్దవాళ్లకు తమ జీమెయిల్ ఏమిటో తెలియదు. ఫోన్ కొన్నరోజున షాపు అబ్బాయి చేసిపెట్టినదే వాళ్ల ఖాతా. మామయ్యగారి ఫోన్‌లో మూడు ఖాతాలున్నాయి. నేను జాబితాలో చేర్చింది ఒకటి, ఆయన బ్రౌజర్ తెరిచేది ఇంకొకటి, ప్లే స్టోర్ నడిచేది మూడోది. లింకు నొక్కితే పేజీ దొరకలేదని వస్తుంది. "ఏమ్మా, లేని పేజీకి నన్నెందుకు పంపుతున్నావు?" అని ఆయన ప్రశ్న. ఆదివారం భోజనాలకు వెళ్లి, ఆయన పక్కన కూర్చుని సరిచేశాను.

ఎవరినైనా "నాకోసం ఇది వేసుకుంటారా, రెండు వారాలు తీసేయకుండా ఉంటారా?" అని అడగడం నాకు ఎంత ఇబ్బందిగా ఉండేదో చెప్పలేను. పెళ్లిపిలుపులాగా ఫోన్లు చేశాను. డబ్బు తీసుకుని పరీక్షకులను అమర్చిపెట్టేవాళ్లు ఉన్నారని, ధర కూడా పెద్దది కాదని ఒక సహోద్యోగి చెప్పాడు. వద్దనుకున్నాను. నీతి సంగతి పక్కన పెట్టినా, యాప్ తెరిచి మూసే అపరిచితుడి వల్ల నాకు తెలిసేది ఏమీ ఉండదు, పైగా చివర్లో పరీక్షకులు ఏం చెప్పారో రాయవలసి ఉంటుంది. మధ్యలో ఎవరైనా వైదొలగినా లెక్క తప్పకుండా ఇరవై మంది దాకా చేర్చాను. ఇంకో సంగతి: పరీక్ష కోసం పెట్టే యాప్‌ను కూడా ముందు వాళ్లు పరిశీలిస్తారు. ఆ పరిశీలనకు మూడు రోజులు పట్టింది, అంతవరకు లింకు పనిచేయదు. లింకు ముందే పంచితే అందరూ ఒకసారి నొక్కి, పనిచేయలేదని మరిచిపోతారు. లింకు పనిచేస్తుందని నిర్ధారించుకున్నాకే పంపండి.

ఆ 14 రోజులూ పొద్దున్నే లేచి కన్సోల్ తెరవడం, సంఖ్య తగ్గలేదని చూసుకోవడం, తొమ్మిదిన్నరకు ఆఫీసు మీటింగు, రాత్రి అమెరికా వాళ్లతో కాల్స్, అవి అయ్యాక పరీక్షకులు పంపిన తెర ఫొటోలు. వాన పడుతున్న శనివారం ఉన్నవాళ్లందరం భువనగిరి కోట ఎక్కాం. ఒకే రాతిగుట్ట, తడిస్తే జారుతుంది, కనుక మెట్ల దారిలోనే వెళ్లాం. వాన చినుకులు తెర మీద పడి మ్యాప్ తనంతట తాను దూరం జరిగి, దగ్గరకు వచ్చి, నానా గంతులు వేసింది. ఆ సాయంత్రమే తెరను తాళం వేసే ఒక గుర్తు చేర్చాను. మరొకరి ఫోన్‌లో తెర అడుగున సైగల కోసం ఉండే పట్టీ కింద ఆపే బొత్తం సగం దూరిపోయింది. ఆండ్రాయిడ్ 15ను లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌లు తెర అంచుల దాకా పరుచుకుంటాయి కనుక, ఆ అంచుల కొలత తీసుకుని బొత్తాలను పైకి జరపడం మన బాధ్యత. అచ్చంపేటలో ఉండే మా చిన్నాన్న ఫోన్ చేసి, "అమ్మాయ్, ఉమామహేశ్వరం మెట్లు మ్యాప్‌లో ఒక వంపు తక్కువున్నాయి" అన్నారు. ఆదివారం ఆయనే ఫోన్ పట్టుకుని మెట్లెక్కి ఆ వంపును నమోదు చేసి పంపారు.

పద్నాలుగు రోజులు నిండాక విడుదల అనుమతికి దరఖాస్తు చేయాలి. పరీక్షకులను ఎలా తెచ్చారు, వాళ్లు యాప్‌ను ఎలా వాడారు, ఏం చెప్పారు, దానివల్ల ఏం మార్చారు, ఈ యాప్ ఎవరి కోసం, ఇలాంటి ప్రశ్నలు. నేను పరీక్ష మొదలైన రోజు నుంచి ఒక నోటు పుస్తకంలో ఎవరు ఏ తేదీన ఏం చెప్పారో, నేనేం మార్చానో రాసుకుంటూ వచ్చాను. తడి తెర, అడుగు పట్టీ, మెట్ల వంపు, మూడూ అలాగే రాశాను. వారం లోపే అనుమతి వచ్చింది. ఆ ఈమెయిల్ ఆఫీసు మీటింగు మధ్యలో వచ్చింది. ఎవరో ఏదో అడిగితే ఒక్క క్షణం జవాబు చెప్పలేకపోయాను. అనుమతి వచ్చిందంటే యాప్ వచ్చినట్టు కాదు. అసలు విడుదలను మళ్లీ పంపాలి, దాన్ని మళ్లీ పరిశీలిస్తారు, అది ఇంకో రెండు రోజులు. ఆగస్టు మధ్యలో వెతికితే దొరికింది. పూర్తి పేరు రాస్తేనే, అదీ కొంత కిందికి జరిపితేనే.

ఖర్చుల సంగతి. ఖాతా రుసుము పోను, పాత ఆండ్రాయిడ్‌లో పరీక్షించడానికి ఒక వాడిన ఫోన్ కొన్నాను, ఏడు వేలు. అక్షరాలకు నోటో ఫాంటు, మ్యాప్, వెబ్ పేజీ, అన్నీ ఉచితం. పెట్రోలు, దారి ఖర్చులు ఎలాగూ పెట్టేవే. కాలం లెక్క వేరు: జనవరి నుంచి జూన్ దాకా కోడ్, జూన్ నుంచి ఆగస్టు దాకా కోడ్ కాని పనులు.

విడుదలతో పని ఆగదు. 2025 ఆగస్టు 31 నుంచి కొత్త యాప్‌లూ మార్పులూ ఆండ్రాయిడ్ 15ను లక్ష్యంగా పెట్టుకోవాలన్న నియమం వచ్చింది, నేను ముందే అక్కడ ఉన్నాను. నవంబరు 1 నుంచి ఫోన్ జ్ఞాపకశక్తిని 16 కేబీ పుటలుగా (ముక్కలుగా) వాడే పరికరాలకు కూడా యాప్ సరిపడాలన్నారు. నా కోడ్‌కు దానితో పనిలేదు గాని, మ్యాప్ గీసే లైబ్రరీలో యంత్రభాష భాగం ఉంది, దాని కొత్త కూర్పు తెచ్చుకుని మళ్లీ కట్టి, దసరా సెలవుల్లో పరీక్షించి పంపాను. ఏటా ఇలాంటిది ఒకటి ఉంటుందని ముందే తెలుసుకుని దిగడం మంచిది.

ప్రస్తుతం మాస్టారు అడిగిన పని మీద ఉన్నాను. నడుస్తూ కళ్లజోడు తీసి తెర చూడటం ఆయనకు కష్టంగా ఉంది, మిగిలిన దూరాన్ని ఫోన్ తెలుగులో పైకి చెప్పాలట. ఫోన్లలో ఉండే తెలుగు గొంతు "కి.మీ." అన్న సంక్షిప్తాన్ని ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా పలుకుతోంది, అందుకని చదివించే వాక్యాలన్నిటినీ పూర్తి మాటల్లో, అంకెలను కూడా మాటల్లోకి మార్చి, తెర మీది వాక్యాల నుంచి వేరుచేసి రాస్తున్నాను. సంక్రాంతిలోపు పరీక్షకుల చేతికి ఇవ్వాలని ఉంది. ఈ యాప్‌కు ఒకసారి అనుమతి వచ్చింది కనుక ఈసారి పన్నెండు మందిని ఎవరూ అడగరు, అయినా అదే జాబితాకు పంపుతాను.